ఆరూ యాభై రెండుకి చేరిన మెసేజ్

సంధ్యారాణి పనిచేసే సంస్థలో పద్దెనిమిది మంది ఉన్నారు. ఈ నాలుగేళ్లలో ఆ పద్దెనిమిది మందీ ఒకచోట కూర్చున్నది ఒక్కసారే, విశాఖలో ఎవరిదో రిటైర్‌మెంటు భోజనాల దగ్గర. మంచం పట్టిన రోగులకు ఇంటికే వెళ్లి సేవ చేసే సంస్థ అది. మేనేజరు ఉదయ్‌కుమార్ విశాఖలో ఉంటాడు. డాక్టర్లిద్దరూ ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని రిపోర్టులు చూసి మందులు చెబుతారు, పదిహేను రోజులకోసారి రోగి దగ్గరికి వస్తారు. పదకొండు మంది నర్సులు బుచ్చయ్యపేట, రోలుగుంట, దేవరాపల్లి మండలాల్లో స్కూటీల మీద తిరుగుతూ ఉంటారు. వీళ్లందరి మధ్య మాట అందించడమే సంధ్య ఉద్యోగం. చోడవరంలో తన ఇంటి ముందు గదిలో, కిటికీ పక్క బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఏ నర్సు ఏ ఇంటికి వెళ్లాలో, ఏ డాక్టరు ఏం మార్చాడో చూసుకునేది.

మొన్న జూన్ దాకా ఈ పనంతా వాట్సాప్‌లోనే నడిచింది. ఆరు గ్రూపులుండేవి. ఒకరోజు ఒక నర్సు తొందరలో ఒక రోగి రక్తపరీక్ష ఫోటో ఇంకో రోగి ఇంటివాళ్లున్న గ్రూపులో పెట్టేసింది. ఆయనకున్న జబ్బు సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది. మర్నాడు ఉదయ్‌కుమార్ ఫోన్ చేశాడు.

"ఇంక వాట్సాప్ వద్దు సంధ్యా. దూరదూరంగా ఉండి పనిచేసే టీముల కోసం బోలెడు సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ఓ మూడు తీసుకో. మనవాళ్లతో వాడించి చూడు. ఏది మనకి పనికొస్తుందో పోల్చి ఒక షీటు పంపు. నీ మాట మీదే తీసుకుంటాను."

నీ మాట మీదే అన్నందుకు సంధ్యకు సంతోషం వేసింది. ముప్పై నాలుగేళ్లు వచ్చాక మొదటిసారి ఒకరు ఆమెను పని అడగడం కాకుండా అభిప్రాయం అడిగారు. మోటారు వైండింగ్ షాపు మూసి ఇంటికొచ్చిన భర్త సత్తిబాబుకి అన్నం వడ్డిస్తూ అదే చెప్పింది.

సంధ్య ఎంచుకున్న మూడింటికీ ఇంగ్లీషు పేర్లే. ఆ పేర్లు నోరు తిరగక నర్సులు బొమ్మ రంగును బట్టి నీలం యాప్, పచ్చ యాప్, నారింజ యాప్ అని పిలిచారు. సంధ్య కూడా అలాగే రాసుకుంది. ఒక్కొక్కటి పది రోజుల చొప్పున వాడించింది.

నీలందాంట్లో లేని సౌకర్యం లేదు. వీడియో మీటింగులు, క్యాలెండరు, ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చూపే బోర్డు, అన్నీ ఉన్నాయి. కానీ అది తెరిస్తే నర్సుల ఫోన్లు వేడెక్కి ఆగిపోయేవి. పచ్చదాంట్లో ఒక గంట గుర్తు ఉంది. మెసేజ్ పెట్టి ఆ గుర్తు నొక్కితే, అవతలివాళ్ల ఫోను ఏ స్థితిలో ఉన్నా, వాళ్లు చూసేదాకా మోగుతూనే ఉంటుంది. అయితే సిగ్నల్ సరిగా లేని ఊళ్లలో అది మొరాయించేది, ఖరీదూ ఎక్కువే. నారింజది తేలిక. మెనూలన్నీ తెలుగులో ఉన్నాయి. సిగ్నల్ లేనప్పుడు రాసింది దాచుకుని, సిగ్నల్ రాగానే పంపేస్తుంది. గంట గుర్తు మాత్రం దాంట్లో లేదు.

నర్సుల్లో ఎక్కువ శ్రద్ధగా వాడి చూసింది కృపామణి. ఆమెకు యాభై మూడేళ్లు. ఇల్లు బుచ్చయ్యపేటలో. భర్త పోయి ఆరేళ్లయింది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క ఇంటికీ ఆలస్యంగా వెళ్లలేదని నర్సులందరూ చెప్పుకుంటారు. రోజూ సాయంత్రం సంధ్యకు ఫోన్ చేసి తనకు తోచింది చెప్పేది.

"నీలంది నా వల్ల కాదమ్మా. ఒకటి నొక్కితే ఇంకోటి తెరుసుకుంటంది. పచ్చది మా ఊరు దాటగానే గిరగిరా తిరుగుతంది, ఏటీ రాదు. నారింజదే నయం. తెలుగులో ఉంది, నా కళ్లకి ఆనుతంది."

"అయితే నారింజదానికే ఎక్కువ మార్కులు వెయ్యమంటారా సిస్టర్?"

"వెయ్యి గానీ ఒక్క మాట. పొద్దున్నే నేను ప్రార్థనలో కూకుంటాను కదా, అప్పుడు టింగు టింగుమంటంది. వాట్సాప్‌తోనూ ఇదే గోల. డ్యూటీ లేనప్పుడు కూడా డ్యూటీలో ఉన్నట్టే ఉంటంది. దాని నోరు మూయించే దారేటైనా ఉందా?"

సంధ్య వెతికింది. నారింజ యాప్ సెట్టింగుల్లో 'నిశ్శబ్ద వేళలు' అని ఉంది. ఏ గంట నుంచి ఏ గంట దాకా ఫోన్లు మోగకూడదో అక్కడ పెట్టుకోవచ్చు. ఆ వేళల్లో మెసేజ్ వస్తుంది, కానీ చప్పుడు చెయ్యదు, తెర మీద కనిపించదు. గడువు దాటాక అన్నీ ఒక్కసారే మోగుతాయి. అప్పటికి నర్సులందరి మొదటి రోగీ ఎనిమిదిన్నర తర్వాతే. అందుకని రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది దాకా అందరికీ కలిపి పెట్టేసింది. ఇక పొద్దున్నే గోల ఉండదని మాత్రం గ్రూపులో రాసింది.

మర్నాడు నర్సులు గ్రూపులో దండాల బొమ్మలు పెట్టారు. పిల్లలకు క్యారేజీలు కట్టుకునే వేళ ఫోను నోరు మూసుకుందని ఒకామె రాసింది. "దేవుడు నిన్ను సల్లగా సూడాలి" అని కృపామణి వాయిస్ మెసేజ్ పంపింది.

పోలిక షీటులో పద్నాలుగు వరుసలున్నాయి. 'నిశ్శబ్ద వేళలు' అన్న వరుసలో నారింజదానికి అయిదుకి అయిదు. 'అర్జెంట్ గంట' అన్న వరుసలో సున్నా. ఆ సున్నా పక్కన సంధ్య ఒక వాక్యం రాసింది: 'అత్యవసరమైతే డాక్టర్లు ఎలాగూ ఫోన్ చేస్తారు కనుక ఇది పెద్ద లోపం కాదు.' మొత్తం కూడితే నారింజది నాలుగు మార్కులు పైన ఉంది. ఆగస్టు నుంచి అందరూ అదే వాడటం మొదలుపెట్టారు.

సెప్టెంబరులో దేవరాపల్లి దగ్గరి ఒక ఊరి నుంచి గణపతిరావు అనే రైతు రోగిగా చేరాడు. అరవై ఎనిమిదేళ్లు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. షుగరు చాలాకాలంగా ఉంది. భార్య అచ్చియ్యమ్మకు చూపు ఆనదు. సిరంజి మీది గీతలు కనిపించవు కనుక ఇన్సులిన్ ఆమె ఇవ్వలేదు. పొద్దున్న ఏడున్నరకల్లా ఆయనకు ఆకలేస్తుందనీ, సూది పడితే గానీ అంబలి పొయ్యలేననీ ఆమె చెప్పింది. ఇంత దూరం అంత పొద్దున్నే ఎవరు వెళ్తారని సంధ్య అడిగితే, కృపామణే ముందుకొచ్చింది.

"నేనెల్తానమ్మా. ఆరున్నరకి బయల్దేరితే సరిపోద్ది. ముసలాయన్ని ఆకలితో కూకోబెట్టకూడదు."

రోజూ ఏడున్నర అని సంధ్యే జాబితాలో ఎక్కించింది. నిశ్శబ్ద వేళల సంగతి ఆమెకు ఆరోజు గుర్తు రాలేదు.

అక్టోబరులో ఇంకో గొడవ వచ్చింది. ఫోన్లో డాక్టరు ఒక మందు ఆపమన్నాడని నర్సు, అననే లేదని డాక్టరు. ఉదయ్‌కుమార్ ఇద్దరి మాటా విని విసిగిపోయాడు. వీడియో మీటింగు పెట్టి అందరికీ కొత్త రూలు చెప్పాడు.

"ఇకనుంచి నోటిమాట చెల్లదు. మందు మార్చినా, డోసు మార్చినా యాప్‌లోనే రాయాలి. డాక్టర్లు నర్సులకి ఫోన్ చెయ్యొద్దు. నర్సులు డాక్టర్లకి చెయ్యొద్దు. రికార్డు ఉండాలి. క్లియరేనా?"

సంధ్యకు తను సున్నా పక్కన రాసిన వాక్యం తట్టింది. చెప్పాలనుకుంది. ఈలోగా అందరూ ఓకే సర్, ఓకే సర్ అని పెట్టేస్తున్నారు. ఆమె కూడా 'ఓకే సర్' అని పెట్టింది.

నవంబరు పద్దెనిమిదో తారీకు ఉదయం డాక్టర్ గౌరీశంకర్ లేవగానే ముందురోజు వచ్చిన ల్యాబు రిపోర్టులు తెరిచాడు. గణపతిరావు కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయని రిపోర్టు చెబుతోంది. అలాంటప్పుడు పాత డోసు ఇన్సులిన్ ఒంట్లోంచి త్వరగా పోదు, షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. ఆయన వెంటనే యాప్‌లో కృపామణికి రాశాడు: 'గణపతిరావుగారి ఇన్సులిన్ ఈ రోజు నుంచే ఇరవై నాలుగు యూనిట్ల నుంచి పన్నెండుకి తగ్గించండి. చాలా ముఖ్యం.' టైము ఆరూ యాభై రెండు. క్షణంలో రెండు టిక్కులు పడ్డాయి, చేరిందని. ఆయన స్నానానికి లేచాడు.

ఆ టైముకి కృపామణి స్కూటీ మీద ఉంది. ఫోను హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఏడూ ఇరవై అయిదుకి గణపతిరావు ఇంటి ముందు దిగింది. బండి ఆపగానే అలవాటు ప్రకారం ఫోను తీసి చూసింది. తెర మీద ఏమీ లేదు. లోపలికెళ్లి షుగరు చూసింది, రోజూ ఉన్నట్టే ఉంది. ఇరవై నాలుగు యూనిట్లు ఇచ్చింది. అచ్చియ్యమ్మ అంబలి పట్టుకొచ్చింది. ఆయన సగం గ్లాసు తాగి మొహం తిప్పుకున్నాడు.

"ఇంకొంచెం తాగించండమ్మా. సూది పడ్డాక ఖాళీ కడుపుతో ఉండకూడదు" అంది కృపామణి.

"తాగుతాడు సిస్టరమ్మా. కాసేపాగి మళ్లీ పోస్తాను. నువ్వెల్లు, నీకు ఆలిస్యమౌతాది."

ఎనిమిది గంటలకు బ్యాగులో ఫోను ఆగకుండా మోగింది. పన్నెండు మెసేజ్‌లు ఒక్కసారే వచ్చాయి. కృపామణి బండి మీద ఉంది. తర్వాతి ఇంట్లో పుండు కట్టు మార్చి, చేతులు కడుక్కుని ఫోను చూసేసరికి తొమ్మిదీ ఇరవై. పన్నెండింటిలో డాక్టరు మెసేజ్ మొదటిది.

ఆమె వెంటనే అచ్చియ్యమ్మకు ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. అచ్చియ్యమ్మ పశువుల పాక దగ్గర ఉంది. అంబలి మళ్లీ పోద్దామని వెళ్తే మొగుడు కళ్లు మూసుకుని ఉన్నాడు, నిద్రపోతున్నాడనుకుని లేపలేదు. కృపామణి బండి వెనక్కి తిప్పింది. చేరేసరికి గణపతిరావు ఒళ్లంతా చెమట, పరుపు తడిసిపోయింది. పిలిస్తే పలకలేదు. బ్యాగులో ఉన్న గ్లూకోజు సూది ఎక్కించింది. 108కి ఫోన్ చేసింది. చోడవరంలో చూసి విశాఖ పంపారు. గ్లూకోజు ఎంత ఎక్కించినా ఆయనకు మళ్లీ స్పృహ రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం పోయాడు.

దినవారాలు కాకముందే ఉదయ్‌కుమార్ వీడియోలో విచారణ పెట్టాడు. తెర మీద రెండో డాక్టరుతో కలిపి అయిదు మొహాలున్నాయి. కృపామణి కెమెరా ముందు తెల్ల చీరతో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఉదయ్‌కుమార్ యాప్ తెరిచి అందరికీ చూపించాడు.

"ఇదిగో. ఆరూ యాభై రెండు. డెలివర్డ్. మీరు సూది ఇచ్చింది ఏడున్నరకి. మధ్యలో ముప్పై ఎనిమిది నిమిషాలు. ఏం చేశారు కృపామణిగారూ?"

"ఫోను మోగలేదు సార్. దిగగానే సూసేను. ఏటీ లేదు."

"లేదంటే ఎలా? చేరినట్టు ఇక్కడ కనిపిస్తోంది కదా. యాప్ తెరిచి చూశారా?"

"తెరవలేదు సార్. ఏదైనా ఉంటే పైన కనిపిస్తది కదా అని…"

"అదీ సంగతి. తెరవలేదు. యాప్ తప్పు కాదు, మనిషి తప్పు."

డాక్టర్ గౌరీశంకర్ తల దించుకునే ఉన్నాడు. సంధ్య మైకు మ్యూట్‌లో ఉంది. మోగలేదన్న మాట వినగానే ఆమెకు జూలై నెల గుర్తొచ్చింది. మ్యూట్ తీయడానికి వేలు మౌసు మీద పెట్టింది. తీయలేదు. కృపామణిని విచారణ పూర్తయ్యేదాకా పనిలోంచి ఆపామని ఉదయ్‌కుమార్ చెప్పాడు. మీటింగు ముగిసింది. అయిదు మొహాలూ ఒక్కొక్కటే మాయమయ్యాయి.

సంధ్య అక్కడే కూర్చుని సెట్టింగులు తెరిచింది. నిశ్శబ్ద వేళలు: రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది వరకు. పెట్టినవారు సంధ్యారాణి. జూలై ఇరవై మూడు. ఆ పేజీ చూసే అధికారం సంస్థలో ఆమెకొక్కదానికే ఉంది. ఉదయ్‌కుమార్‌కి అలాంటి సెట్టింగు ఒకటుందని కూడా గుర్తుండదు. దాన్ని అలా వదిలేస్తే రేపు ఇంకొకరి ప్రాణం మీదికి వస్తుంది. తీసేస్తే తన పేరూ తారీకూ కూడా పోతాయి. ఆమె ముందు సెల్‌ఫోనుతో ఆ పేజీ ఫోటో తీసింది. తర్వాత సెట్టింగు తీసేసింది.

సాయంత్రం సత్తిబాబుకి చెప్పింది. అతను గ్రీజు చేతులు కడుక్కుంటూ అంతా విన్నాడు.

"నువ్వు కావాలని చేసేవా ఏటి?"

"లేదండీ."

"మరింక ఊరుకో. ఆవిడడిగింది, నువ్వు పెట్టేవు. డాక్టరు ఫోన్ చెయ్యకపోతే నువ్వేం చేస్తావు? ఇప్పుడు నోరు విప్పితే అందరూ కలిసి నీ మీదికి తోసేస్తారు. పోలీసుల దాకా ఎల్తే ఏం చేస్తావు?"

"కృపామణి సిస్టర్ మీదికి తోసేశారు కదండీ."

సత్తిబాబు తువ్వాలు తీగ మీద వేసి, "ఆవిడ పెద్దావిడ. ఓర్చుకుంటాది" అన్నాడు. అన్నాక ఆ మాట తనకే బాగాలేనట్టు టీవీ పెట్టుకున్నాడు.

సంధ్య నాలుగు రోజులు ఊరుకుంది. ఆ నాలుగు రోజులూ పని మామూలుగానే చేసింది. కృపామణి రోగుల్ని మిగతా నర్సులకు పంచింది. జాబితాలోంచి గణపతిరావు పేరు తీసేయవలసి వచ్చినప్పుడు మాత్రం ల్యాప్‌టాప్ మూసి పెరట్లోకి వెళ్లి కొంతసేపు నిలబడింది. అయిదో రోజు ఉదయం బస్సెక్కి బుచ్చయ్యపేట వెళ్లింది.

కృపామణి తలుపు తీసింది. వారంలో పదేళ్ల వయసు మీద పడ్డట్టుంది. యూనిఫాం చీర ఉతికి, మడతపెట్టి, కుర్చీ మీద ఉంచింది. దాని మీద ఆఫీసు ఐడీ కార్డు.

"రా అమ్మా, కూకో. ఇవి తీసుకెళ్లడానికొచ్చేవా?"

"కాదు సిస్టర్."

"నేనే సూసుకోవలసింది సంధ్యమ్మా. ఒక్కసారి తెరిసి సూస్తే ఏం పోయేది? ఆయన అంబలి వద్దన్నప్పుడైనా నాకు తట్టలేదు. ముప్పై ఏళ్లు చేసేను. ఈ చేత్తోనే ఇచ్చేను."

ఆమె తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది. సంధ్య ఫోను తీసి ఆ ఫోటో చూపించింది. కృపామణి కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. మళ్లీ చదివింది.

"ఇదేటిది?"

"ఎనిమిదింటి దాకా ఫోన్లు మోగకుండా జూలైలో నేను పెట్టింది సిస్టర్. గణపతిరావుగారికి ఏడున్నర అని రాసినప్పుడు నేనే మార్చాలి. మర్చిపోయాను. మీ ఫోను మోగలేదు. పైన కనిపించనూ లేదు. మీరు చెప్పింది నిజం."

కృపామణి గోడ మీద గడియారం వైపు చూసింది.

"నేనడిగేను కదూ? ప్రార్థనలో గోలగా ఉందని నేనే అడిగేను."

"మీరడిగారు. పెట్టింది నేను. గుర్తుంచుకోవాల్సింది నేను."

"ఇది నీకెప్పుడు తెలిసింది?"

"మీటింగు రోజునే."

"ఆరోజే?" కృపామణి కళ్లద్దాలు తీసేసింది. "ఆరోజు నువ్వు నా ఎదురుగానే ఉన్నావు. తెరలో కింద, ఈ పక్కన. నేను మోగలేదంటే ఆయన అబద్ధం అన్నట్టు సూసేడు. నువ్వు సూస్తా కూకున్నావు. నాలుగు రోజులమ్మా! నాకు అన్నం దిగలేదు. అబద్ధం ఆడుతున్నానేమో, నిజంగానే మోగిందేమో, నేనే వినలేదేమో అని నా సెవుల్నే నేను నమ్మలేదు."

"తప్పయిపోయింది సిస్టర్. భయమేసింది."

"భయం నాకెయ్యలేదా?"

సంధ్య ఏడ్చింది. కృపామణి ఓదార్చలేదు. లేచి లోపలికి వెళ్లి ఒక గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది, చేతికివ్వలేదు. "ఇప్పుడేం చేస్తావు?" అని అడిగింది.

"అందరికీ చెప్తాను."

సంధ్య అక్కడే, ఆ ఇంట్లోనే కూర్చుని ఫోనులో రాసింది. పద్దెనిమిది మందీ ఉన్న గ్రూపులో ఆ ఫోటో, జూలైలో తను పంపిన పోలిక షీటు, అక్టోబరులో ఫోన్లు వద్దన్న రూలు, మూడూ పెట్టింది. ఏది ముందు జరిగిందో ఏది తర్వాత జరిగిందో రాసింది. తన తప్పు ఎక్కడుందో రాసింది. కృపామణి తప్పు లేదని రాసింది. పంపింది.

రెండు నిమిషాల్లో ఉదయ్‌కుమార్ ఫోన్ చేశాడు.

"ఏంటి సంధ్యా ఇది? నాకు విడిగా చెప్పొచ్చు కదా. ఇలా రాతలో పెడతారా ఎవరైనా? రేపు ఆ కుటుంబం చేతికి వెళ్తే?"

"రికార్డు ఉండాలన్నారు కదా సర్."

అవతల ఫోను పెట్టేశాడు. ఇరవై నిమిషాల తర్వాత ఆ మెసేజ్ గ్రూపులో లేదు. 'అడ్మిన్ తొలగించారు' అని ఒక బూడిదరంగు గీత మాత్రం మిగిలింది. కానీ అప్పటికే చాలామంది చూశారు. సంధ్య బస్సు కోసం నిలబడి ఉండగా డాక్టర్ గౌరీశంకర్ ఫోన్ చేశాడు.

"ఫోన్ చేద్దామనే అనుకున్నానమ్మా ఆ రోజు. నంబరు కూడా తీశాను. రూలు కదా, మళ్లీ మాటొస్తుందని ఆగిపోయాను. రెండు టిక్కులు పడ్డాయి కదా అని…" అంటూ ఆయన ఆగిపోయాడు. ఈ మాట రాసి ఇస్తారా సర్ అని సంధ్య అడిగింది. ఆలోచిస్తానన్నాడు. తర్వాత ఆయన ఫోన్ చెయ్యలేదు.

వారం తిరగకుండా సంస్థ రెండు ఉత్తరాలు పంపింది. సంధ్యకు వచ్చినదాంట్లో డిసెంబరుతో ఆమె సేవలు చాలని ఉంది. కృపామణికి వచ్చినదాంట్లో, మెసేజ్‌లు చూసుకోవడంలో అశ్రద్ధ చేశానని సంతకం పెడితే తిరిగి పనిలోకి తీసుకుంటామని ఉంది. కృపామణి ఆ కాగితం సంతకం లేకుండానే తిప్పి పంపింది. యూనిఫాం చీరా, కార్డూ కూడా పంపేసింది. ఆ సాయంత్రం సంధ్యకు ఫోన్ చేసింది.

"అచ్చియ్యమ్మకి ఎవరూ ఏటీ సెప్పలేదట. నర్సు పొరపాటని ఆఫీసోళ్లు సెప్పి ఎల్లిపోయేరట. నేను రేపు ఎల్తన్నాను. నువ్వూ రావాలి."

సంధ్యను క్షమించినట్టు ఆ గొంతులో ఏమీ లేదు. రమ్మనడం మాత్రమే ఉంది.

మర్నాడు కృపామణి స్కూటీ వెనక కూర్చుని సంధ్య ఆ ఊరు వెళ్లింది. చెరుకు కోతలు మొదలయ్యాయి, లోడు ట్రాక్టర్ల వెనక బండి నెమ్మదిగా నడిచింది. నాలుగేళ్లుగా ఈ ఊళ్ల పేర్లు జాబితాలో రాస్తున్నా, సంధ్య ఇటువైపు రావడం ఇదే మొదలు. రోజూ పొద్దున్నే, చలిలో, ఈ దూరమంతా కృపామణి వచ్చేదని ఆమెకు అప్పుడు తెలిసింది.

అచ్చియ్యమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకి తలెత్తింది.

"ఎవులది?"

"నేనమ్మా, కృపామణిని."

అచ్చియ్యమ్మ మొహం బిగుసుకుంది. "నువ్వా? ఎందుకొచ్చేవింక? సూదెయ్యడానికి ఎవులున్నారని?"

కృపామణి అరుగు కింద నేల మీదే కూర్చుంది. సంధ్య పక్కన నిలబడింది.

"ఈ గుంటెవరు?"

"ఆఫీసులో పనిచేసే అమ్మాయి. నీకొక మాట సెప్పాలని వచ్చింది."

సంధ్య చెప్పింది. యాప్ అంటే ఏమిటో, మెసేజ్ వచ్చినా ఫోను మోగకపోవడమేమిటో ఆ ముసలమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికి చాలాసేపు పట్టింది. డాక్టరు సగం మందే ఇమ్మని రాశాడనీ, ఆ మాట ముందే వచ్చి ఫోనులో కూర్చుందనీ, దాని నోరు మూసింది తనేననీ చెప్పింది. అచ్చియ్యమ్మ మధ్యలో ఒక్కటే అడిగింది.

"ఆ డాకటరు బాబు ఫోను సేసుంటే, మా ఆయన బతుకునా?"

సంధ్య కృపామణి వైపు చూసింది. కృపామణి నేల వైపు చూస్తోంది.

"అలా పోయేవారు కాదమ్మా" అంది సంధ్య.

అచ్చియ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు బయటికి రాలేదు, భుజాలు మాత్రం కదిలాయి. కాసేపటికి కొంగు తీసింది.

"నేను లేపలేదు. నిద్దరోతన్నాడనుకున్నాను" అంది. ఆ మాట ఇద్దరిలో ఎవరితోనూ కాదు.

తర్వాత ఆమె సంధ్యను దగ్గరకు రమ్మంది. "నువ్విప్పుడు సెప్పిందంతా కాయితమ్మీద రాయి. మా తమ్ముడి కొడుకు కలెక్టరాఫీసులో ఇస్తాడు. వోళ్లేం సేస్తారో నాకు తెలీదు. నా మొగుడు ఎందుకు పోయేడో ఒక కాయితమ్మీద ఉండాల."

లోపల్నుంచి పాత నోటుపుస్తకం తెచ్చింది. సంధ్య అరుగు మీద కూర్చుని రాసింది. మూడు పేజీలయ్యాయి. కింద సంతకం పెట్టి, పేరూ చిరునామా రాసింది. కృపామణి కూడా తనకు తెలిసింది రాసి సంతకం పెట్టింది. కాగితాలు చింపి ఇచ్చేయబోతుంటే అచ్చియ్యమ్మ ఆపింది.

"నాకు కనపడదు. సదువు."

సంధ్య చదవడం మొదలుపెట్టింది. గణపతిరావు పేరు, ఊరు, సెప్టెంబరులో చేరడం, ఏడున్నరకి సూది. 'ఉదయం ఎనిమిది గంటల వరకు నర్సుల ఫోన్లు మోగకుండా పెట్టింది నేనే. ఈయనకు ఏడున్నరకే సూది అని రాసింది కూడా నేనే' అన్నచోట ఆగిపోయింది.

"సదువు" అంది అచ్చియ్యమ్మ.

సంధ్య ఆ వాక్యం మొదటి నుంచి మళ్లీ చదివింది. చివరి పేజీ దాకా చదివింది. అచ్చియ్యమ్మ కాగితాలు తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, బొడ్డులో దోపుకుంది. ఎల్లి రండనలేదు. కృపామణి లేచి చీరకంటిన దుమ్ము దులుపుకుని బండి దగ్గరికి నడిచింది. సంధ్య ఆమె వెనకే వెళ్లింది.